సెరిబ్రల్ పాల్సీ పిల్లలకు ఆపరేషన్: భిలాయి కుటుంబాల ఖర్చు లెక్క

సెరిబ్రల్ పాల్సీకి మూలం ఎదిగే మెదడుకు తగిలిన దెబ్బ. ఆపరేషన్ ఆ దెబ్బను మాన్పలేదు. బిగుసుకున్న కండరాలను సడలించి, జారిన తుంటి కీలును సరిచేసి, కూర్చోవడం, నడవడం సులువు చేస్తుంది. ఆ తర్వాత నెలల తరబడి ఫిజియోథెరపీ లేకపోతే ఫలితం నిలవదు.

భిలాయి ఉక్కు కర్మాగారం ఉద్యోగుల పిల్లలకు సెక్టార్ 9లోని జవహర్‌లాల్ నెహ్రూ ఆసుపత్రి ఉంది. ఆ వసతి లేని అర్హులకు ఆయుష్మాన్ భారత్ కింద ఏడాదికి కుటుంబానికి 5 లక్షల రూపాయల వరకు చికిత్స అందుతుంది. అయితే అది ప్రధానంగా ఆసుపత్రిలో చేరినప్పటి ఖర్చుకే. ఇంటికొచ్చాక సాగే థెరపీ భారం తల్లిదండ్రులదే.

నేషనల్ ట్రస్ట్ 'నిరామయ' బీమా ఇక్కడే అక్కరకొస్తుంది. ఏడాదికి లక్ష రూపాయల పరిమితిలో ఆపరేషన్‌తో పాటు థెరపీకి, ప్రయాణానికీ కొంత ఇస్తుంది. ముందస్తు వైద్య పరీక్షలు అడగదు. ముందు చెల్లించి, బిల్లులు పెట్టి రాబట్టుకోవాలి. కాబట్టి ఆపరేషన్ తేదీకి ముందే నమోదు కావాలి, రసీదులన్నీ దాచుకోవాలి.