పెట్టెకంటే ముందే వచ్చే టాక్

బెజవాడ గాంధీనగర్‌లో ఒక డిస్ట్రిబ్యూషన్ ఆఫీసు తరఫున సినిమా పెట్టెలతో ఊళ్లు తిరిగినవాణ్ణి నేను. మమ్మల్ని ఫిలిం రిప్రజెంటేటివ్‌లనేవారు. ప్రింటుతో పాటు ఊరు చేరడం, హాలువాళ్లు లెక్క తప్పకుండా గేటు దగ్గర నిలబడటం, ఆటకెన్ని టికెట్లు తెగాయో చూసి డి.సి.ఆర్. (డైలీ కలెక్షన్ రిపోర్ట్) కాగితం మీద సంతకం పెట్టి ఆఫీసుకు పంపడం మా పని. సినిమా ఎలా ఉందని మమ్మల్నెవరూ అడిగేవారు కాదు. మా సంతకం కింది అంకె చూస్తే చాలు, తెలిసిపోయేది.

అప్పట్లో కొత్త సినిమా అన్ని ఊళ్లకూ ఒకేరోజు వచ్చేది కాదు. ప్రింటు ఖరీదైన సరుకు. ఆంధ్రా, సీడెడ్, నైజాం ఏరియాలు మూడూ కలిపినా పదుల్లోనే ప్రింట్లు తీసేవారు. ముందు బెజవాడ, గుంటూరు, రాజమండ్రి లాంటి ఎ సెంటర్లు. అక్కడ జనం పలచబడ్డాక చిన్న పట్నాలు. ఆఖరున సి సెంటర్లు, అంటే పల్లెల్లోని టూరింగ్ టాకీసులు. అక్కడికి చేరేసరికి ప్రింటు నిండా గీతలు పడి, హీరో ఎండలో నడుస్తున్నా వానలో తడుస్తున్నట్టే ఉండేవాడు.

పల్లెవాళ్లు ఈ ఆలస్యానికి బాధపడేవారని పట్నంవాళ్లు జాలిపడుతుంటారు. నాకైతే అది వాళ్లకు కలిసొచ్చిందనే అనిపిస్తుంది. పెట్టె ఊళ్లోకి వచ్చేలోపు టాక్ ఎప్పుడో వచ్చేసేది. కోర్టు వాయిదాకు వెళ్లొచ్చిన రైతు, బస్సు కండక్టరు, సెలవులకొచ్చిన కాలేజీ కుర్రాడు, పురిటికి పుట్టింటికొచ్చిన ఆడపిల్ల - తలా ఒక మాట మోసుకొచ్చేవారు. ఈ నలుగురూ బాగుందన్నారంటే రెండో ఆటకు కూడా బండ్లు కట్టేవారు. లేకపోతే నేను డేరాలో బల్లలు లెక్కపెట్టుకోవాల్సిందే.

పబ్లిసిటీ లేక కాదు. జట్కాకు రెండువైపులా పోస్టర్లు కట్టి, డప్పు కొట్టి కరపత్రాలు పంచేవారు. తర్వాత రిక్షా, మైకు వచ్చాయి. పాటల పుస్తకంలో కథ కూడా వేసేవారు, సరిగ్గా ముడి బిగిసేచోట ఆపి, మిగతాది వెండితెర మీద చూడమనేవారు. కానీ సొంత కరపత్రంలో బొమ్మ బాగోలేదని ఎవడు రాసుకుంటాడు? జనానికి ఆ సంగతి తెలుసు.

బొమ్మ భవిష్యత్తు తేలేది మ్యాట్నీలో. మార్నింగ్ షో కుర్రాళ్లది. వాళ్లు హీరో కోసం వస్తారు, బొమ్మ ఎలా ఉన్నా ఈలలేస్తారు. మ్యాట్నీకొచ్చేది ఆడవాళ్లు. ఇంట్లో వంట ముగించి, చంటిపిల్లల్ని చంకనేసుకుని వస్తారు కాబట్టి వాళ్లకు నచ్చకపోతే ఆ విసుగు మామూలుగా ఉండదు. నేను తెర వైపు చూసేవాణ్ణి కాదు, గేటు దగ్గర పాటల పుస్తకాలు అమ్మేవాణ్ణి చూసేవాణ్ణి. ఆటకు ముందు ఎవరైనా కొంటారు, దానికి విలువ లేదు. ఆట వదిలాక అతని చుట్టూ ఆడవాళ్లు మూగారంటే ఆ పాటలు ఇంటికెళ్తున్నాయన్నమాట. మళ్లీ అత్తగారినో ఆడపడుచునో వెంటబెట్టుకుని వస్తారు. పుస్తకాలవాడు ఒంటరిగా నిలబడ్డాడంటే, ఆ రాత్రే ఆఫీసుకు ట్రంకాల్ చేసి తర్వాతి సెంటరు చూసుకోమనేవాణ్ణి.

1980 ఫిబ్రవరిలో ‘శంకరాభరణం’ విడుదలైంది. అది మా ఆఫీసు బొమ్మ కాదు. వయసు మళ్లిన సంగీత విద్వాంసుడు నాయకుడు. ఆ వేషం వేసిన జె.వి. సోమయాజులు సినిమా జనానికి అంతగా పరిచయంలేని ముఖం. కొనడానికే చాలామంది వెనకాడారు. మొదట హాళ్లు బోసిపోయాయి కూడా. వారం తిరిగేసరికి హౌస్‌ఫుల్ బోర్డులు పడ్డాయి. పోస్టరు చేయలేని పని చూసినవాళ్ల నోళ్లు చేశాయి. అదే బొమ్మ ఇవాళ విడుదలైతే రెండో వారం దాకా హాల్లో ఉంచుతారా అని నా అనుమానం.

పత్రికల సంగతీ చెప్పాలి. ఆంధ్రపత్రిక వీక్లీలో ముళ్లపూడి వెంకటరమణ సమీక్షలు రాసిన రోజుల్లో వాటికోసమే పత్రిక తెరిచేవారుండేవారట. తర్వాత ఆయనే సినిమాలు రాశారు. కొడవటిగంటి కుటుంబరావు కూడా సినిమాల మీద చాలా రాశారు. 1966లో విజయచిత్ర, 1976లో సితార సినిమా పత్రికలు వచ్చాయి. అయితే నేను చూసినంతలో పట్నంవాళ్లు సమీక్ష చదివింది సినిమా చూసొచ్చి వాదించుకోవడానికే. చూడాలో వద్దో తేల్చుకోవడానికి చదివింది, పెట్టె ఇంకా చేరని ఊళ్లలోని బడిపంతుళ్లే.

టాక్‌కు విలువ ఉందని తెలిశాక దాన్ని తయారుచేయడమూ మొదలైంది. మనవాళ్లచేతే టికెట్లు కొనిపించి హౌస్‌ఫుల్ బోర్డు పెట్టించడం, యాభై రోజుల పోస్టరు కోసం ఖాళీ హాల్లో బొమ్మ ఆడించడం నా కళ్లముందు జరిగినవే. ఆ డి.సి.ఆర్.ల మీద సంతకం పెట్టింది మేం రిప్రజెంటేటివ్‌లమే మరి.

తర్వాత ప్రింట్ల సంఖ్య వందలకు పెరిగింది. ఆపైన డిజిటల్ వచ్చి పెట్టే లేకుండా పోయింది, పెట్టెతో పాటు మా ఉద్యోగమూ. ఇప్పుడు బెజవాడలో, కైకలూరు లాంటి చిన్న ఊళ్లో ఒకేరోజు, ఒకే ఆట. వేచిచూసే వీలు పల్లెకు లేదు. వారంలో బొమ్మ ఎత్తేస్తారు. పెద్ద సినిమాలకు అమెరికాలో ముందురోజు సాయంత్రమే ప్రీమియర్లు పడతాయి. మనకు తెల్లవారేసరికి డాలస్ నుంచి తీర్పు ఫోన్లలో ఉంటుంది. అప్పట్లో కైకలూరుకు బెజవాడ ఎలాగో, ఇప్పుడు బెజవాడకు డాలస్ అలాగ.

మా మనవడు టికెట్ తీసేముందు ఫోన్లో సీట్ల పటం తెరిచి, ఎన్ని నిండాయో నాకు చూపిస్తాడు.

“అందులో ఆడవాళ్లెందరురా?” అంటాను.

“అది చూపించదు తాతయ్యా” అంటాడు.