రాక్ క్రాలర్ ఛాసిస్

రాక్ క్రాలర్ అనేది రాళ్ళు, గుట్టలు, గోతులు గల నేలపై మిక్కిలి నెమ్మదిగా పాకుతూ ముందుకు సాగేటట్లు తయారు చేసిన రేడియో నియంత్రిత నమూనా వాహనం. దీనికి వేగంతో పని లేదు. మనిషి నడక కంటె నెమ్మదిగా పోతూ, దొర్లిపోకుండా అడ్డంకిని దాటడమే దీని ప్రయోజనం. ఈ వాహనపు చట్రాన్ని ఛాసిస్ అంటారు. మోటారు, గేరుపెట్టె, బ్యాటరీ, ఇరుసులు అన్నీ దీనిని ఆధారం చేసుకొని ఉంటాయి. అసలు వాహనంలో పదో వంతు పరిమాణం గల బండ్లు ఎక్కువగా వాడుకలో ఉన్నాయి. కొనుక్కున్న బండిని విప్పి, దాని చట్రాన్ని తీసివేసి, సొంతంగా మరొక చట్రం కట్టుకోవడం ఈ అభిరుచిలో ముఖ్యమైన భాగం.

చరిత్ర

జపానుకు చెందిన తమియా సంస్థ 1987లో క్లాడ్ బస్టర్ అనే పెద్ద చక్రాల నమూనా ట్రక్కును విడుదల చేసింది. దీనిలో ఒక్కొక్క ఇరుసుకు ఒక్కొక్క మోటారు ఉండేది. ముందు చక్రాలతో పాటు వెనుక చక్రాలు కూడా పక్కలకు తిరిగేవి. అమెరికాలోని అభిరుచిపరులు ఈ ఇరుసులను మాత్రం తీసుకొని, నడుమ తాము కోసుకున్న పలకలతో చట్రం అమర్చి రాళ్ళపై నడిపారు. అంటే ఈ రంగంలో చట్రం మార్పు ముందు పుట్టి, తయారీ బండి తరువాత వచ్చినదన్నమాట. 2000ల దశకం చివరలో ఆక్సియల్ సంస్థ ఏఎక్స్10, ఎస్‌సీఎక్స్10 అనే నమూనాలను ఇందుకోసమే తయారు చేసింది. 2017లో ట్రాక్సస్ సంస్థ విడుదల చేసిన టీఆర్ఎక్స్-4లో పోర్టల్ ఇరుసులు ఉన్నాయి. వీటిలో చక్రం వద్ద అదనపు గేర్లు ఉండటం వలన ఇరుసు గొట్టం చక్రం నడిమి కంటె ఎత్తున ఉండి, కింద రాయి తగలదు.

భారతదేశంలో 2.4 గిగాహెర్ట్జ్ పట్టీలో తక్కువ శక్తి గల పరికరాలకు 2005లో లైసెన్సు మినహాయింపు లభించింది. నేటి రిమోట్లన్నీ దాదాపుగా ఈ పట్టీలోనే పనిచేస్తాయి.

చట్రం రకాలు, సామగ్రి

చట్రాలు ముఖ్యంగా మూడు విధాలు. అసలు జీపులో వలె రెండు పొడవాటి దూలాలను అడ్డపట్టీలతో కలిపితే నిచ్చెన చట్రం అవుతుంది. రెండు పక్కపలకలను నిలువుగా నిలిపి నడుమ అడ్డాలు బిగించినది పలకల చట్రం. సన్నని ఉక్కు కడ్డీలను వంచి అతికితే పంజరం వంటి కడ్డీల చట్రం తయారవుతుంది. మొదటిసారి చేసేవారికి పలకల చట్రమే తగినది. కాగితంపై గీసిన బొమ్మను 3 మిల్లీమీటర్ల అల్యూమినియం రేకుపై అంటించి, రంపంతో కోసి, ఆకురాయితో సాపు చేస్తే చాలు. రెండు పలకలనూ కలిపి బిగించి ఒకేసారి రంధ్రాలు వేయాలి. విడివిడిగా వేస్తే అర మిల్లీమీటరు తేడా వచ్చినా ఇరుసు వంకరగా కూర్చుంటుంది.

చట్రం అడుగున ఉండే పలక రాతిపై జారాలి గాని పట్టుకోకూడదు. అందుకు డెల్రిన్ అనే గట్టి ప్లాస్టిక్ శ్రేష్ఠం. అది దొరకని చోట కూరగాయలు తరిగే ప్లాస్టిక్ పలకను కోసి వాడతారు. త్రీడీ ప్రింటర్లో పీఎల్ఏతో చేసిన భాగాలు సుమారు 60 డిగ్రీల సెల్సియస్ వద్ద మెత్తబడతాయి. వైశాఖమాసపు ఎండలో నిలిపిన కారులో ఆ వేడి పుట్టడం ఏమంత కష్టం కాదు. కనుక పీఈటీజీ వంటి రకం మేలు.

ఎత్తు, గరిమనాభి

చట్రం కట్టేవారు ఎదుర్కొనే అసలు చిక్కు ఇక్కడే ఉన్నది. చట్రం ఎత్తుగా ఉంటే బండి కడుపు రాతికి తగలదు, కాని బండి త్వరగా దొర్లుతుంది. కిందికి దించితే స్థిరంగా నిలుస్తుంది గాని రాయి శిఖరంపై కడుపు ఆని నాలుగు చక్రాలూ గాలిలో తిరుగుతాయి.

దీనిని ఉన్నత పాఠశాల త్రికోణమితితో లెక్కకట్టవచ్చు. ముందు, వెనుక ఇరుసుల మధ్య దూరం 313 మిల్లీమీటర్లు అనుకుందాం. చట్రం మధ్యభాగం నేల నుండి 60 మిల్లీమీటర్ల ఎత్తున ఉంటే, టైరు వ్యాసార్ధాన్ని లెక్కలోకి తీసుకోకుండా చూసినప్పుడు, కడుపు తగలకుండా దాటగల శిఖరపు కోణం సుమారు 42 డిగ్రీలు. 70 మిల్లీమీటర్లకు పెంచితే 48 డిగ్రీలు అవుతుంది. 10 మిల్లీమీటర్లకు 6 డిగ్రీల లాభం.

ఇక నష్టం సంగతి. ఎడమ, కుడి చక్రాల మధ్య దూరం 200 మిల్లీమీటర్లు, గరిమనాభి ఎత్తు 80 మిల్లీమీటర్లు అయితే, బండి పక్కకు 51 డిగ్రీల వాలు వరకు నిలబడగలదు. గరిమనాభి 100 మిల్లీమీటర్లకు లేస్తే 45 డిగ్రీలకే దొర్లుతుంది. టైరు నలగడం, స్ప్రింగు కుంగడం వలన వాస్తవంలో ఈ అంకెలు ఇంకా తగ్గుతాయి.

అందుచేత చట్రం పైకి లేపినా బరువు మాత్రం కిందనే ఉంచుతారు. ఇరుసు చివరల్లో ఇత్తడి భాగాలు బిగించడం, చక్రపు రింగు లోపల సీసపు పట్టీ చుట్టడం ఇందుకే. బ్యాటరీని వెనుక నుండి తీసి ముందు ఇరుసుకు దగ్గరగా, వీలైనంత కింద అమరుస్తారు. బరువులో 60 శాతం ముందు చక్రాలపై ఉంటే, 100 మిల్లీమీటర్ల గరిమనాభి గల పై బండి 62 డిగ్రీల ఎక్కుడు వరకు వెనక్కి తిరగబడదు. సగం సగం ఉంటే 57 డిగ్రీలే.

లింకులు

ఇరుసును చట్రానికి కలిపే కడ్డీలను లింకులు అంటారు. ఒక్కొక్క ఇరుసుకు కింద రెండు, పైన రెండు ఉంటాయి. పై రెండింటిని త్రికోణాకారంలో అమర్చితే ఇరుసు పక్కలకు జరగదు. స్టీరింగు సర్వో చట్రంపై ఉన్నప్పుడు ముందు ఇరుసుకు ఒక అడ్డకడ్డీ పెడతారు. ఈ అడ్డకడ్డీ, స్టీరింగు కడ్డీ రెండూ ఒకే పొడవున, సమాంతరంగా ఉండాలి. లేకుంటే చక్రం పైకి లేచినప్పుడల్లా బండి తనంత తానే పక్కకు తిరుగుతుంది. చట్రంపై లింకులు బిగించే చోట రెండు మూడు అదనపు రంధ్రాలు ముందే వేసి ఉంచడం మంచిది. సరియైన స్థానం నడిపి చూస్తే గాని తెలియదు.

మోటారులో తీగచుట్లు ఎక్కువైతే వేగం తగ్గి, నెమ్మదిగా నడపడం సులభమవుతుంది. 35 నుండి 55 చుట్ల మోటార్లు ఇందుకు వాడుకలో ఉన్నాయి. ఇరుసుల్లో డిఫరెన్షియల్‌ను బిగించివేస్తారు. దాని వలన ఒక చక్రం గాలిలో ఉన్నా రెండవది లాగుతుంది.

కొల్లేటి నేలలో

ఆకివీడు, కైకలూరు, ఏలూరు నడుమ గల కొల్లేటి ప్రాంతంలో రాయి కనబడదు. ఉన్నది నల్లమట్టి, చెరువు గట్లు, ఉప్పుటేరు వైపు వాలే పల్లపు నేల. సమీపంలో ఇసుకరాతి కొండలు ఉన్న గుంటుపల్లి బౌద్ధ గుహలు రక్షిత కట్టడం కనుక అక్కడ బండి నడపడం తగదు. రైలు కట్ట కంకర ఆకర్షణీయంగా కనిపించవచ్చు గాని, అక్కడికి అనుమతి లేకుండా వెళ్ళడం 1989 నాటి రైల్వే చట్టం 147వ సెక్షను ప్రకారం నేరం, ప్రాణాపాయం కూడా. 1999లో అభయారణ్యంగా ప్రకటించిన కొల్లేటిలో గూడబాతులు గూళ్ళు కట్టే ఆటపాక వంటి చోట్ల ఇటువంటి ఆటలు అసలే పనికిరావు. ఇంటి పెరటిలో సిమెంటు దిమ్మలు, విరిగిన ఇటుకలు, తాటిమొద్దులు పేర్చి దారి చేసుకోవడమే సులువైన పద్ధతి.

బురదలో నడపాలంటే రాతి సూత్రం తలక్రిందులవుతుంది. ఇత్తడి బరువులు తీసివేయాలి. బరువు తక్కువగా, టైరు వెడల్పుగా ఉండాలి. దమ్ము చేసే ట్రాక్టరుకు ఇనుప దమ్ము చక్రాలు తగిలించడంలో ఉన్న ఆలోచన ఇక్కడ కూడా పనికివస్తుంది. చక్రం చుట్టూ అడ్డంగా పట్టీలు అతికిస్తే బురదను తోసుకుంటూ పోతుంది. రొయ్యల చెరువు ఉప్పునీరు తగిలితే బేరింగులు త్వరగా తుప్పు పడతాయి. కనుక వెంటనే మంచినీటితో కడిగి ఆరబెట్టి నూనె వేయాలి.

ట్రాక్టరుతో ఉన్న పోలిక మరొకటి గమనింపదగినది. వెనుక చక్రాలు కూరుకుపోయి తిరగలేనప్పుడు ఇంజను శక్తి చక్రానికి బదులు బండి శరీరాన్నే ఇరుసు చుట్టూ తిప్పుతుంది. ముందు భాగం లేచి, క్షణాల్లో ట్రాక్టరు నడిపేవానిపై తిరగబడుతుంది. చక్రాల ముందు దుంగ వేసి ముందుకే లాగించడం ఈ ప్రమాదాన్ని పెంచుతుంది. వెనక్కి నడిపి బయటకు తీయడం క్షేమకరం. క్రాలర్ వెనుక చక్రాలను కదలకుండా కట్టి, మోటారును మెల్లగా నడిపితే ముందు చక్రాలు లేవడం కంటితో చూడవచ్చు. భౌతికశాస్త్ర తరగతిలో దీనికంటె మంచి ప్రయోగం అరుదు.

బ్యాటరీ

లిథియం పాలిమర్ బ్యాటరీలో ఒక్కొక్క సెల్లు సాధారణ వోల్టేజి 3.7, నిండుగా 4.2. మూడు వోల్టులకు దిగువకు పోనీయకూడదు. చట్రంలో బ్యాటరీ చుట్టూ పదునైన అంచు గాని, పొడుచుకొని వచ్చిన మర గాని ఉండరాదు. రాతి దెబ్బకు అది గుచ్చుకుంటే మంటలు లేస్తాయి. ఉబ్బిన బ్యాటరీని ఛార్జి చేయకూడదు. ఛార్జి అవుతున్నంతసేపు మనిషి దగ్గర ఉండాలి, రాత్రి పెట్టి నిద్రపోకూడదు. వారాల తరబడి వాడనప్పుడు సెల్లుకు సుమారు 3.8 వోల్టుల వద్ద ఉంచి, బండి నుండి తీసి చల్లని చోట భద్రపరుస్తారు.