నంద్యాల సీమ జానపద గేయాలు, పిల్లల పాటలు: పుట్టుక, అంతరార్థం

ఉత్తరాన మిడుతూరు, నందికొట్కూరు నుంచి దక్షిణాన ఆళ్లగడ్డ, ఉయ్యాలవాడ, కోవెలకుంట్ల దాకా జనం నోట నిలిచిన జోలపాటలు, ఆటపాటలు, రోకటి పాటలు, స్త్రీల పాటలు, వీరగాథలు ఈ వ్యాసానికి విషయం. ఈ నేల చరిత్ర ఒక్కటి కాదు. మిడుతూరు ఉన్న నందికొట్కూరు తాలూకా 1839 దాకా కర్నూలు నవాబు ఏలుబడిలో ఉండేది. కోవెలకుంట్ల మాత్రం 1800లోనే దత్తమండలాలతో పాటు నిజాం చేతినుంచి ఈస్టిండియా కంపెనీ చేతికి పోయి, 1858లో కర్నూలు జిల్లా ఏర్పడే వరకు కడప కలెక్టరు కింద నడిచింది. ఇక్కడి పాటల్లో నవాబు, కుంపిణీ, పాలెగాడు, కరువు కలగలిసి కనబడడానికి కారణం ఇదే. నంద్యాల జిల్లా 2022 ఏప్రిల్ 4న ఏర్పడింది. పాటల వయసు దానికంటే చాలా ఎక్కువ.

ఎంత ఎక్కువో తేల్చడానికి ఆధారాలు కొన్నే ఉన్నాయి. 13వ శతాబ్దానికి చెందిన పాల్కురికి సోమనాథుడు పండితారాధ్య చరిత్రలో తుమ్మెద పదాలు, వెన్నెల పదాలు, గొబ్బి పదాలు, పర్వత పదాలు వంటి పేర్లు వరుసగా చెప్పాడు. పర్వతమంటే శ్రీశైలం. అక్కడికి నడిచిపోయే భక్తుల పాటలకు ఏడు వందల ఏళ్ల కిందటే ఒక పేరు స్థిరపడిందన్నమాట. తాళ్లపాక అన్నమాచార్యుడు (1408–1503) లాలి, ఉయ్యాల, సువ్వి, గొబ్బి, కోలాటం పాటల బాణీలు తీసుకుని సంకీర్తనలు కట్టాడు. ఆయన అహోబిలంలో ఆదివన్ శఠకోప యతి దగ్గర వేదాంతం చదివాడని సంప్రదాయం. కవి రాసినది జనంలోకి పోయిందా, జనం పాట కవి చేతికి వచ్చిందా అంటే రెండూ జరిగాయి. సువ్వి, గొబ్బి బాణీలు మాత్రం ఆయనకంటే ముందువే.

పాటలో దాగిన చరిత్రను సర్కారు కాగితాలతో సరిపోల్చి చూసే వీలు ఉయ్యాలవాడ నరసింహారెడ్డి పాట దగ్గర దొరుకుతుంది. అతనిది తవర్జీ, అంటే పింఛను, మీద బతికే పాలెగాళ్ల వంశం. నెలకు ముట్టేది 11 రూపాయల 10 అణాల 8 పైసలు. నొస్సం పాలెగాడి వంశం తవర్జీలో రావలసిన వాటా కంపెనీ ఇవ్వలేదు. అటు కట్టుబడి ఇనాములు పోయిన గ్రామసేవకులూ కడుపుమంటతో ఉన్నారు. 1846 జూలైలో కోవెలకుంట్ల ఖజానా మీద దాడి జరిగింది, తహసీల్దారు హతుడయ్యాడు. అక్టోబరులో నరసింహారెడ్డి పేరుసోముల కొండల్లో పట్టుబడ్డాడు. 1847 ఫిబ్రవరి 22న కోవెలకుంట్లలో ఉరి తీశారు. తర్వాత ముప్పై ఏళ్ల పాటు అతని తలను కోట గుమ్మానికి వేలాడదీసి ఉంచారని చెబుతారు.

సర్కారు కాగితాలకు ఇది రావలసిన డబ్బు గొడవ. పాటకు ఇది మానం గొడవ. డబ్బు లెక్క వదిలేసి తహసీల్దారు ఆడిన అవమానపు మాటను, దానికి నరసింహారెడ్డి రోషాన్ని పాట పట్టుకుంది. చరిత్రకారులు దీన్ని అతిశయోక్తిగా తీసిపారేయడం తొందరపాటు. పదకొండు రూపాయల కోసం తొమ్మిది వందల మంది అతని వెంట నడవరు. ఇనాము పోగొట్టుకున్నవాడికి అవమానమూ ఆకలీ ఒక్కటేనన్న సంగతి కలెక్టరు ఉత్తరాలకంటే పాటలోనే తేటగా తెలుస్తుంది. తేదీలకు, సైన్యం కదలికలకు మాత్రం కాగితాల వైపే చూడాలి. 2019లో విడుదలైన సైరా నరసింహారెడ్డి సినిమా పేరు కూడా ఆ పాట పల్లవి నుంచి వచ్చినదే.

అదే ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి 1866 కరువులో వేల మందికి గంజి పోయించాడు. విక్టోరియా రాణి పేరిట అతనికి బంగారు పతకం అందింది. కంపెనీ ఉరి తీసినవాడినీ రాణి సన్మానించినవాడినీ ఒకే సీమ గాయకులు పాడారు. రాజ్యం ఎవరివైపుందన్నది వాళ్లకు పట్టలేదు, ఊరికి ఎవరు నిలబడ్డారన్నదే పట్టింది. తంగిరాల వెంకట సుబ్బారావు ఈ ఇద్దరి పాటలనూ సేకరించి రేనాటి సూర్యచంద్రులు అన్న పేరుతో పుస్తకం వేశారు. రేనాడు ఈ ప్రాంతానికి శాసనకాలం నాటి పేరు.

కరువు పాటలకు తేదీ వేసేటప్పుడు ఒక చిక్కు ఉంది. పాట క్రీస్తుశకం చెప్పదు, సంవత్సరం పేరే చెబుతుంది. ధాత కరువంటే 1876–77 నాటిది. కానీ అరవై ఏళ్లకు ఒకసారి అదే పేరు తిరిగి వస్తుంది. నందన కరువన్నప్పుడు 1832దా, 1892దా అన్నది లోపలి ఆనవాళ్లను బట్టి తేల్చుకోవాలి. పాటలో రైలు గానీ కర్నూలు–కడప కాలువ గానీ వస్తే అది పాత నందన కాదు.

అహోబిలం చెంచు పాటల్లో దాగినది కరువూ కాదు, తిరుగుబాటూ కాదు, హక్కు. నరసింహస్వామి చెంచుల ఆడపడుచును పెళ్లాడాడు కాబట్టి స్వామి వాళ్లకు అల్లుడు. సవతుల కయ్యంగా, సరసంగా వినబడే ఈ కథ వెనుక, గుడి వచ్చి కూర్చున్న అడవి తమదన్న చెంచుల మాట ఉంది. ఓబయమంత్రి గరుడాచల యక్షగానం ఈ కథనే చెబుతుంది. ఏటా సంక్రాంతి వేళ మొదలయ్యే పారువేటలో స్వామి పల్లకిలో నలభై రోజులకు పైగా పల్లెలు తిరిగి, తన కల్యాణానికి తానే పిలుస్తాడు. దేవుడు గుమ్మం దాకా వచ్చి పిలవడం ఆళ్లగడ్డ పల్లెలకు వింత కాదు.

స్త్రీల పాటల్లో దాపరికం ఇంకో రకం. ఊర్మిళ నిద్ర, లక్ష్మణుడి నవ్వు వంటి రామాయణపు పాటల్లో యుద్ధం తగ్గిపోయి ఇంటి మాటలు పెరుగుతాయి. నలుగురిలో అనలేని మాటను సీత చేతనో రాముడి అక్క శాంత చేతనో అనిపించడం వీటి నేర్పు. వెల్చేరు నారాయణరావు 1991లో అచ్చయిన వ్యాసంలో ఈ సంగతిని విప్పి చెప్పారు. ఆ పాటలు ఎక్కువగా కోస్తాలో సేకరించినవి. రాయలసీమ ఇసుర్రాయి పాటల మీద అంతటి పని ఇంకా జరగవలసి ఉంది.

ఇక పిల్లల పాటలు. అంతరార్థాల పేరుతో ఊహలు ఎక్కువగా చెలరేగేది ఇక్కడే. కాళ్ళాగజ్జా కంకాళమ్మ పాటలో గజ్జికి మందుందని కొందరు, మనిషి జీవిత దశలున్నాయని మరికొందరు చెబుతారు. ఈ వివరణలకు పాత తాళపత్రమో, పాత వ్యాఖ్యానమో చూపినవారు లేరు. పాట నిర్మాణం చూస్తే సంగతి తెలుస్తుంది. ముందు చరణం చెప్పినదాన్ని తర్వాతి చరణం కాదంటూ పోతుంది, చివరి మాట ఎవరి కాలి మీద పడితే వాళ్లు కాలు ముడుచుకోవాలి. ఇది వంతులు వేసే పాట. మాటలు ప్రాస కోసం వచ్చాయి, వైద్యం కోసం కాదు. ఇంగ్లీషు పిల్లల పాట రింగ్ ఎ రింగ్ ఓ రోజెస్‌కూ ఇదే గతి పట్టింది. అది 1665 లండన్ ప్లేగు పాట అన్న మాట రెండో ప్రపంచయుద్ధం తర్వాత పుంజుకున్నది. ఐయోనా, పీటర్ ఓపీ దంపతులు 1951 నాటి తమ నిఘంటువులో దాన్ని అంగీకరించలేదు.

సేకరణ చరిత్ర క్లుప్తంగా ఇది: చార్లెస్ గోవర్ దక్షిణదేశపు జానపద గీతాల పుస్తకం 1871లో వచ్చింది. 1874లో జె.ఎ. బాయిల్ సర్వాయి పాపడి పాటను ఇండియన్ ఆంటిక్వరీలో అచ్చువేశాడు. వేటూరి ప్రభాకరశాస్త్రి బాలభాష పేరుతో పిల్లల పాటలు కూర్చారు. బిరుదురాజు రామరాజు ఉస్మానియా విశ్వవిద్యాలయంలో చేసిన పరిశోధనతో తెలుగు జానపద గేయం 1950లలో విశ్వవిద్యాలయ శాస్త్రమైంది. వీరిలో చాలామంది పాటనే రాసుకున్నారు గానీ పాడినవారి పనీ, పాడిన సందర్భమూ తక్కువగా రాశారు. మిడుతూరు వైపు గానీ ఆళ్లగడ్డ వైపు గానీ ఇప్పుడు పాట రికార్డు చేసేవారు ఆ రెండూ తప్పకుండా అడిగి రాసుకోవాలి. అర్థం చెప్పడం ఆ తర్వాతి పని.