యానోమామిల చరిత్ర మన పిల్లలకు ఎలా చెప్పాలి?

మా హాస్టల్లో ఏటా ఆగస్టు 9న ప్రపంచ ఆదివాసీ దినోత్సవం జరుపుకుంటాం. ఒక ఏడాది అమెజాన్ అడవి గురించి చెబుదామని బజారులో ఒక చార్టు కొన్నాను. తలకు ఈకలు, చేతిలో విల్లు ఉన్న మనిషి బొమ్మ. కింద 'అడవి మనుషులు' అని ఉంది. ఏడో తరగతి అమ్మాయి ఒకతె దాన్ని కాసేపు చూసి, "మేడమ్, వేరే ఊళ్ల బళ్లలో మన గురించి కూడా ఇలాగే చెబుతారా?" అని అడిగింది. బీఈడీ చదివిన నాకు వెంటనే జవాబు తోచలేదు. చార్టు మడిచి బీరువాలో పెట్టేశాను. ఆ తర్వాత ఆ పాఠాన్ని బొమ్మతో కాకుండా చరిత్రతో మొదలుపెట్టాను.

ముందు పేరు చెప్పాలి. వాళ్లు 'అడవి మనుషులు' కాదు, యానోమామిలు. బ్రెజిల్, వెనిజులా సరిహద్దు అడవుల్లో 30 వేలకు పైగా ఉన్నారు. చాలా ఊళ్లలో అందరూ ఒకే పెద్ద గుండ్రటి ఇంట్లో ఉంటారు. నడుమ ఖాళీ స్థలం, చుట్టూ ఒక్కో కుటుంబానికి ఒక్కో పొయ్యి. అరటి, కర్రపెండలం పండిస్తారు. కొన్నేళ్లు సాగు చేసిన చోటును వదిలేస్తే మళ్లీ అడవి పెరుగుతుంది. ఈ మాట చెప్పగానే మా పిల్లలు "మన పోడు లాగే!" అన్నారు. వేటగాడు తాను కొట్టిన జంతువు మాంసం తాను తినడు, ఇతరులకు పంచుతాడు. ఇతరులు కొట్టింది తాను తింటాడు. పంచుకోవడం వాళ్ల కట్టుబాటు.

తర్వాత వాళ్లకు ఏం జరిగిందో చెప్పాలి. 1967లో బయటివాళ్ల ద్వారా వచ్చిన తట్టు జబ్బుతో ఒక ప్రాంతంలో చాలామంది చనిపోయారు. దావి కొపెనావా అనే పిల్లవాడి తల్లి కూడా అందులో పోయింది. 1970లలో ప్రభుత్వం అడవి గుండా రోడ్డు వేయడం మొదలుపెట్టింది. దాంతో మరిన్ని రోగాలు వచ్చాయి. 1980లలో బంగారం కోసం వేలాది మంది దొంగచాటుగా చొరబడ్డారు. నదుల్లో పాదరసం కలిసింది, మలేరియా పెరిగింది. 1993లో హషిము అనే ఊరివాళ్లు 16 మందిని, పిల్లలతో సహా, బంగారం తవ్వేవాళ్లు చంపేశారు. బ్రెజిల్ కోర్టు దాన్ని జాతి నిర్మూలన నేరంగా తేల్చింది.

ఇక్కడితో ఆపితే పిల్లలకు జాలి తప్ప ఏమీ మిగలదు. అందుకే మూడోది, వాళ్లు ఏం చేశారో కూడా చెప్పాలి. తల్లిని పోగొట్టుకున్న ఆ దావి పెద్దవాడై తన జనం తరఫున దేశదేశాలు తిరిగి మాట్లాడాడు. 1988 బ్రెజిల్ రాజ్యాంగం ఆదివాసులకు తమ నేలపై మొదటి నుంచీ ఉన్న హక్కును గుర్తించింది. ఏళ్ల తరబడి పోరాడాక 1992లో సుమారు 96 లక్షల హెక్టార్ల నేలను యానోమామిలదిగా ప్రకటించారు. మన తెలంగాణ కంటే కొంచెం చిన్నది. 2010లో దావి చెప్పిన మాటలు ఒక మానవ శాస్త్రవేత్త సాయంతో పుస్తకంగా వచ్చాయి.

అయినా కథ ముగియలేదు. తవ్వేవాళ్లు మళ్లీ వచ్చారు. ఆకలితో, మలేరియాతో పిల్లలు చనిపోతుంటే 2023 జనవరిలో బ్రెజిల్ ప్రభుత్వం అక్కడ ఆరోగ్య అత్యవసర పరిస్థితి ప్రకటించింది. కాగితం మీద హక్కు వస్తే సరిపోదు, దాన్ని రోజూ కాపలా కాసుకోవాలి. 1/70 చట్టం, 1997 సమత తీర్పు, 2006 అటవీ హక్కుల చట్టం ఉన్న మనకు ఈ మాట వేరే చెప్పక్కర్లేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! సెలవులకు ఊరెళ్లినప్పుడు మీ చిన్నవాళ్లకు యానోమామిల గురించి ఈ వరుసలోనే చెప్పండి: వాళ్ల పేరు, వాళ్ల బతుకు, వాళ్లకు జరిగింది, వాళ్లు చేసింది. ఆ తర్వాత మీ తాతయ్య, అమ్మమ్మల దగ్గర కూర్చుని మన ఊరి గురించి అవే నాలుగు ప్రశ్నలు అడిగి, జవాబులు నోటు పుస్తకంలో రాసుకోండి. ఏ కొండకు ఏ పేరు, ఎవరి పోడు ఎక్కడ, ఏ ఏడాది ఎవరు వచ్చారు, అన్నీ రాయండి. ఆ అమ్మాయి ఇప్పుడు ఇంటర్ చదువుతోంది. తన నోటు పుస్తకంలో ఇప్పటికే నలభై పేజీలు నిండాయి.