లాడా: పెద్దల్లో నిదానంగా బయటపడే మధుమేహం

క్లోమంలో ఇన్సులిన్‌ను తయారుచేసే బీటా కణాలను శరీరంలోని రోగనిరోధక వ్యవస్థే కొద్దికొద్దిగా తినేయడం వల్ల ముప్పై ఏళ్లు దాటినవారికి వచ్చే మధుమేహాన్ని లాడా అంటారు. పెద్దల్లో గుప్తంగా ఉండే స్వయం ప్రతిరక్షక మధుమేహం అనే అర్థమిచ్చే ఇంగ్లీషు మాటల తొలి అక్షరాలు కలిపి ఈ పేరు పెట్టారు. కారణాన్ని బట్టి ఇది టైప్ 1 కోవలోది. పైకి మాత్రం కొన్ని నెలలు, ఒక్కోసారి కొన్నేళ్లు, టైప్ 2 లాగే నడుస్తుంది. మొదట్లో మాత్రలకు కాస్తో కూస్తో లొంగుతుంది కూడా. అందువల్ల చాలామంది చీటీలో తొలుత టైప్ 2 అనే పడుతుంది. తర్వాత డోసు పెంచుతారు, రెండో మాత్ర కలుపుతారు, మూడోది కలుపుతారు, అయినా పరగడుపు షుగర్ దిగిరాదు.

ఈ దశలో ఇంట్లో వినిపించే మాట ఒకటుంది: "అసలు నీకు షుగరే లేదేమో, మందులు ఆపి చూడు." నిర్ధారణను అనుమానించడం వరకు సబబే, అనుమానం పోయే దిక్కే తప్పు. పరగడుపున 126, గ్లూకోజ్ తాగిన రెండు గంటలకు 200, మూడు నెలల సగటు చూపే హెచ్‌బీఏ1సీ 6.5 శాతం అనే హద్దులను మళ్లీ మళ్లీ దాటుతున్న మనిషికి మధుమేహం ఉన్నట్టే. తేల్చాల్సింది అది ఏ రకమో.

చరిత్ర

మధుమేహం ఒక్కటి కాదన్న గుర్తింపు పాతదే. సుశ్రుత సంహిత ప్రమేహాన్ని పుట్టుకతో వచ్చేది, అపథ్యం వల్ల వచ్చేది అని రెండుగా చెప్పి, మొదటి రకం రోగి బక్కచిక్కి ఉంటాడని, రెండో రకం రోగి స్థూలంగా ఉంటాడని వర్ణించింది. ఆధునిక వైద్యంలో ఈ విభజనకు ప్రయోగంతో పునాది వేసినవాడు లండన్ వైద్యుడు హెరాల్డ్ హిమ్స్‌వర్త్. కొందరి శరీరం ఇన్సులిన్‌కు చురుగ్గా స్పందిస్తుందని, కొందరిది మొండికేస్తుందని ఆయన 1936లో ప్రకటించాడు.

క్లోమ కణాలపై దాడిచేసే యాంటీబాడీలు 1974లో బయటపడ్డాయి. ఆ తర్వాత మూడేళ్లకే, మాత్రలతో నెట్టుకొస్తున్న కొందరు పెద్దవయసు రోగుల్లోనూ అవి ఉన్నట్టు, అలాంటివారిలో మాత్రలు త్వరగా విఫలమవుతున్నట్టు గమనించారు. 1990లో ఆ దాడికి గురయ్యే ప్రధాన ప్రొటీన్లలో ఒకటి గ్యాడ్ అనే ఎంజైమ్ అని తేలింది. ఆస్ట్రేలియాకు చెందిన పాల్ జిమ్మెట్, ఫిన్లాండ్ పరిశోధకురాలు టీనామయ్యా తువోమి తదితరుల బృందం 1993లో ఈ అవస్థకు లాడా అని పేరు పెట్టింది.

ఇది ఎంత మామూలో చూపింది బ్రిటన్‌లో జరిగిన యూకేపీడీఎస్ అధ్యయనం. కొత్తగా టైప్ 2 అని చెప్పించుకున్న 3,600 మందికి పైగా రోగుల రక్తాన్ని పరీక్షించి 1997లో ఫలితాలు వెల్లడించారు. 25 నుంచి 34 ఏళ్ల మధ్యవారిలో 34 శాతం మందికి గ్యాడ్ యాంటీబాడీలు ఉన్నాయి. 55 దాటినవారిలో అది 7 శాతమే. ముప్పై అయిదు లోపువారిలో ఆ యాంటీబాడీలున్న 84 శాతం మందికి ఆరేళ్లలో ఇన్సులిన్ తప్పలేదు. లేనివారిలో ఆ అవసరం పడింది 14 శాతానికే. ఇవి బ్రిటన్ అంకెలు. మనకు యథాతథంగా అతకవు.

టైప్ 1 పిల్లల జబ్బు అన్న నమ్మకం కూడా ఈ పొరపాటుకు ఊతమిస్తుంది. బ్రిటన్‌లోనే 2018లో వెలువడిన మరో అధ్యయనం, జన్యువుల ఆధారంగా లెక్కగట్టి, అరవై ఏళ్లలోపు వచ్చే టైప్ 1 కేసుల్లో 42 శాతం ముప్పై దాటాకే మొదలవుతున్నాయని చెప్పింది.

థెరిసా మే ఉదంతం

బ్రిటన్ హోంమంత్రిగా ఉన్న థెరిసా మేకు 2012 నవంబరులో, 56 ఏళ్ల వయసులో, టైప్ 2 మధుమేహమని చెప్పారు. ఆ వయసుకు అదే సహజమైన ఊహ. ఆమె అప్పటికే బరువు తగ్గారు, దాన్ని పని ఒత్తిడి ఖాతాలో వేసుకున్నారు. మాత్రలు వాడినా షుగర్ దిగలేదు. మళ్లీ పరీక్షలు చేశాక టైప్ 1 అని తేలి, రోజూ పలుమార్లు ఇన్సులిన్ తీసుకోవలసి వచ్చింది. 2013లో ఆ సంగతి ఆమే బయటపెట్టారు. 2016లో ప్రధాని అయ్యాక చేతికి గ్లూకోజ్ సెన్సర్‌తో బహిరంగంగా కనిపించారు. ఆమె విషయంలో పొరపాటు నెలల్లోనే సర్దుకుంది. లాడాలో బీటా కణాలు మెల్లగా పోతాయి కాబట్టి ఆ పొరపాటు ఏళ్ల తరబడి నానుతుంది.

మాత్రలు ఎందుకు లొంగదీయలేవు

గ్లిమిపిరైడ్, గ్లిక్లజైడ్ వంటి మందులు బీటా కణాలను పిండి ఇన్సులిన్‌ను రాబడతాయి. మెట్‌ఫార్మిన్ ముఖ్యంగా కాలేయం నుంచి వచ్చే గ్లూకోజ్‌ను తగ్గిస్తుంది. మొదటి రకం మందుకు బీటా కణాలుండాలి, రెండోదానికి ఒంట్లో కొంతైనా ఇన్సులిన్ ఉండాలి. కణాలే తరిగిపోతుంటే డోసు పెంచడం నీళ్లడుగంటిన బోరుకు ఇంకా పెద్ద మోటారు బిగించడమే.

అయితే టైప్ 2 కూడా కాలంతోపాటు ముదురుతుంది. పదేళ్ల తర్వాత మాత్రలు చాలకపోవడం దాని సహజ గతి, దానికి వేరే రకాన్ని వెతకనక్కర్లేదు. లాడాను అనుమానించాల్సింది ఆ దిగజారుడు ఒకటి రెండేళ్లలోనే వచ్చినప్పుడు, తిండి తగ్గించకుండానే బరువు తగ్గుతున్నప్పుడు, మనిషికో దగ్గరి బంధువులకో థైరాయిడ్, బొల్లి వంటి స్వయం ప్రతిరక్షక వ్యాధులున్నప్పుడు. సన్నగా ఉండటాన్ని పాఠ్యపుస్తకాలు పెద్ద గుర్తుగా చెబుతాయి గానీ, మన దగ్గర దాన్ని అంతగా నమ్మడానికి లేదు. బక్కపలచగా కనిపిస్తూనే పొట్టలో కొవ్వు దాచుకునే భారతీయ దేహతీరును పుణె వైద్యుడు చిత్తరంజన్ యాజ్ఞిక్ ఏనాడో ఎత్తిచూపారు. సన్నని మనిషికి ముప్పైల్లోనే టైప్ 2 రావడం ఇక్కడ వింతేమీ కాదు.

ఇంతకన్నా ముందు చూడాల్సిన మామూలు సంగతులున్నాయి: మానేసిన మాత్రలు, కీళ్లనొప్పులకో ఆయాసానికో వాడుతున్న స్టెరాయిడ్లు (పేరులేని పొడుల్లో కలిసినవి సహా), క్షయ వంటి ఇన్ఫెక్షన్లు, ఎండకు పాడైన ఇన్సులిన్, ఒకేచోట పొడిచి పొడిచి గట్టిపడిన చర్మం. ఇనుము లోపపు రక్తహీనతలో హెచ్‌బీఏ1సీ ఉన్నదానికన్నా ఎక్కువ చూపుతుంది. అలాంటివారికి గ్లూకోమీటరు అంకెలతో సరిపోల్చుకోవాలి.

పరీక్షలు

మొదట చేసేది గ్యాడ్ యాంటీబాడీ పరీక్ష. అది నెగెటివ్ అయితే ఐఏ2, జింక్ ట్రాన్స్‌పోర్టర్ 8 యాంటీబాడీలు చూస్తారు. ఆరోగ్యవంతుల్లోనూ కొద్దిమందికి గ్యాడ్ పాజిటివ్ వస్తుంది కనుక, స్థూలకాయుడైన వృద్ధుడిలో కనిపించే స్వల్ప పాజిటివ్‌ను ఆచితూచి చదవాలి.

రెండోది సి-పెప్టైడ్. క్లోమం ఒక్కో ఇన్సులిన్ అణువుతోపాటు ఒక సి-పెప్టైడ్‌ను విడుదల చేస్తుంది. సూదితో తీసుకునే ఇన్సులిన్‌లో అది ఉండదు కాబట్టి, ఒంట్లో సొంతంగా ఎంత తయారవుతోందో దీన్ని బట్టి తెలుస్తుంది. ఇన్సులిన్ వాడుతున్నవారిలో మిల్లీలీటరుకు 0.6 నానోగ్రాముల కన్నా తక్కువైతే టైప్ 1 వైపు, 1.8 మించితే టైప్ 2 వైపు మొగ్గు. నమూనాతోపాటే గ్లూకోజ్ కూడా కొలవాలి. మూత్రపిండాలు దెబ్బతిన్నవారిలో అంకె పెరిగి కనిపిస్తుంది. జబ్బు మొదలైన కొత్తలో సి-పెప్టైడ్ బాగానే ఉండొచ్చు, కొన్నేళ్లు గడిచాకే దాని మాట గట్టిది.

ఇతర రకాలు

యాంటీబాడీలు లేకుండానే ఇన్సులిన్ అడుగంటితే క్లోమాన్నే చూడాలి. క్లోమంలో రాళ్లు ఏర్పడి వచ్చే మధుమేహాన్ని కేరళ వైద్యుడు పి.జె. గీవర్గీస్ 1960లలో విస్తృతంగా నమోదుచేశారు. చిన్నప్పటినుంచీ పొట్టనొప్పి, జిడ్డు విరేచనాలు, పొట్ట ఎక్స్‌రేలో తెల్లని మచ్చలు దీని ఆనవాళ్లు. యాభై దాటాక హఠాత్తుగా షుగర్ వచ్చి, మనిషి చిక్కిపోతుంటే క్లోమ క్యాన్సర్‌ను కూడా మనసులో ఉంచుకోవాలి. మూడు తరాలుగా చిన్నవయసులోనే వస్తుంటే అది ఒకే జన్యువు లోపంతో వచ్చే మోడీ కావచ్చు. అందులో ఒక రకానికి ఇన్సులిన్ అక్కర్లేకుండా తక్కువ మోతాదు గ్లిక్లజైడ్ చాలు. అంటే పొరపాటు రెండో వైపూ జరుగుతుంది: మాత్రతో సరిపోయే మనిషి ఏళ్లపాటు సూదులు పొడుచుకుంటాడు.

చికిత్స

లాడాలో గ్లిమిపిరైడ్ కోవ మందులు వాడకూడదని 2020లో అంతర్జాతీయ నిపుణుల బృందం సూచించింది. డాపాగ్లిఫ్లోజిన్, ఎంపాగ్లిఫ్లోజిన్ వంటి, మూత్రం ద్వారా చక్కెరను పంపే మాత్రలతో మరీ జాగ్రత్త అవసరం. ఇన్సులిన్ కొరవడిన ఒంట్లో అవి కీటోన్లు పేరుకునేలా చేస్తాయి. మీటరులో షుగర్ రెండు వందల లోపే ఉన్నా వాంతులు, కడుపునొప్పి, ఎగశ్వాసతో ప్రాణం మీదికి రావచ్చు. అలాంటప్పుడు మీటరు అంకె చూసి ధైర్యపడకుండా ఆసుపత్రికి వెళ్లి కీటోన్ పరీక్ష చేయించుకోవాలి. వాడుతున్న మందులను ఎవరికి వారు ఆపేయడమూ ఇంతే ప్రమాదం.

యాంటీబాడీలు పాజిటివ్ వచ్చిన వెంటనే అందరికీ సూది మొదలవదు. సి-పెప్టైడ్ బాగా తక్కువుంటే ఇన్సులిన్ తప్పదు. మధ్యస్థంగా ఉంటే ఇతర మందులతో నడిపిస్తూ, ఆరు నెలలకోసారి ఆ పరీక్షను తిరిగి చేయిస్తారు.