వాల్వు, ట్రాన్సిస్టరు: ఇంటి గానయంత్రపు పుట్టుపూర్వోత్తరములు

చొప్పదండి వంటి యూరిలో పాత పెంకుటింటి అటకమీదినుండి తాతలనాటి రేడియో నొకదానిని దింపి, వెనుక అట్టను విప్పి చూచినచో, దుమ్ము క్రింద వరుసగా నిలిచిన గాజుబుడ్లు కనబడును. ఆ యింటివారికే నేడు పాటలు వినుటకు మంచి యాంప్లిఫయరు కొనవలెనను కోరిక కలిగినచో, ఆ గాజుబుడ్ల వంశమునకు చెందిన వాల్వు యంత్రమా, ట్రాన్సిస్టరు యంత్రమా యను ప్రశ్న తప్పక ఎదురగును. ఏది మేలని తేల్చుటకు ముందు, ఇవి యెట్లు పుట్టినవో, మన యిండ్లకెట్లు వచ్చినవో తెలిసికొనుట యుక్తము.

గాలి తీసివేసిన గాజుబుడ్డిలో కాగిన తీగనుండి విద్యుత్తు ఒకే దిశకు ప్రవహించు గుణమును, 1904లో ఆంగ్ల శాస్త్రజ్ఞుడు జాన్ ఆంబ్రోస్ ఫ్లెమింగు రేడియో తరంగములను పట్టుటకు వినియోగించెను. నీటిని ఒకవైపునకే పోనిచ్చు కవాటమును పోలియుండుటచే దానికి వాల్వు అను పేరు వచ్చినది. 1906లో అమెరికాలో లీ డీ ఫారెస్టు దానిలో జల్లెడవంటి మూడవ అంగమును చేర్చెను. చెరువు తూమునొద్ద తలుపును కొంచెము కదపినంతనే కాలువ యంతయు హెచ్చి తగ్గునట్లు, ఆ జల్లెడపై బడిన స్వల్ప సంకేతము పెద్ద ప్రవాహమును శాసింపగలిగెను. ధ్వనిని పెంచు యంత్రములకు ఇదియే మూలము.

1935 ఫిబ్రవరి 3న హైదరాబాదులో 200 వాట్ల శక్తితో వెలసి, 1950 ఏప్రిల్ 1న ఆకాశవాణిలో విలీనమైన నిజాము కాలపు దక్కన్ రేడియో వాల్వుల యుగపు బిడ్డ. ఆనాటి రేడియో, మీట నొక్కిన వెంటనే పలుకదు. వాల్వులు కాగి, లోపల ఎఱ్ఱని వెలుగు నిండి, కొన్నింటియందు పచ్చని కన్ను తెరచుకొనిన పిమ్మటనే గొంతు విప్పును. ఆ క్షణకాలపు నిరీక్షణయందు ఇంటిల్లిపాదియు దాని చుట్టు చేరెడివారు.

1947 డిసెంబరులో అమెరికాలోని బెల్ ప్రయోగశాలయందు బార్డీన్, బ్రాటెయిన్ అనువారలు జర్మేనియపు స్ఫటికముతోనే ఆ తూము పనిని చేయించిరి; అదియే ట్రాన్సిస్టరు. అచ్చటి సహచరుడు షాక్లీతో కలిసి వారికి 1956లో నోబెల్ బహుమానము లభించెను. మన దేశమున, 1954లో బెంగళూరులో స్థాపితమైన భారత్ ఎలక్ట్రానిక్స్ సంస్థ 1961లో రేడియో వాల్వులను, మరుసటి యేడే జర్మేనియపు పరికరములను తయారుచేయనారంభించుట చూడగా, మనకు ఈ రెండు యుగములును దాదాపు చేయి చేయి పట్టుకొని వచ్చినవనవలెను. 1967లో అయ్యగారి సాంబశివరావుగారి సారథ్యమున హైదరాబాదులో ఈసీఐఎల్ అను ఎలక్ట్రానిక్స్ సంస్థ వెలసినది. గోడ ప్రక్కన కదలక యుండిన పాట, సెల్లులు వేసిన ట్రాన్సిస్టరుతో పొలముగట్టునకు నడచి వచ్చినది.

ఇక నాదము మాట. తొలినాటి ట్రాన్సిస్టరు యాంప్లిఫయర్లలో, తరంగపు పై సగమును ఒకటి, క్రింది సగమును మరియొకటి మోయుటచే, రెంటి సంధియందు చిన్న గంటు పడి, సన్నని ధ్వనియందు కరకుదనము తోచెడిది; తరువాతి సిలికాను ట్రాన్సిస్టర్లును, మెరుగుపడిన నిర్మాణమును ఆ దోషమును మాపివేసినవి. వాల్వు కూడ శుద్ధము కాదు. ముఖ్యముగా ఒంటి వాల్వుతో పలుకు యంత్రము కలుపుకొను కల్తీలో రెండవ హార్మోనికు హెచ్చు. అది అదే స్వరము యొక్క పై స్థాయి. షడ్జమమునకు తారషడ్జమము తోడైనట్లుండుటచే చెవికి వెచ్చగా వినబడును. దానిని దోషమనుట శాస్త్రము, మాధుర్యమనుట అనుభవము, రెండును సత్యములే.

అయితే ఆ మాధుర్యమునకు మూల్యము గలదు. ఈఎల్ 84 అను వాల్వునకు తీగ కాగుటకే సుమారు 5 వాట్లు కావలెను. ఒంటిగా అది యిచ్చు ధ్వనియు నించుమించు అంతే. కావున తక్కువ శక్తికే బిగ్గరగా పలుకు స్పీకరు దొరకనిచో వాల్వు కొని ప్రయోజనము లేదు. కరీంనగరపు వేసవియందు ఆ వేడి గదికి భారము. మోటారులతో ఎగిరిపడు వోల్టేజియు వాల్వుకు ఆయుఃక్షీణము.

కనుక ఉదయమునుండి రాత్రివరకు పాట మ్రోగు ఇంటికి ట్రాన్సిస్టరునే నేను చెప్పుదును. సాయంకాలము ఒక గంట తీరికగా కూర్చుండి, వాల్వులు అరిగినపుడు మార్చుకొను ఓర్పు గలవారికి వాల్వు సార్థకము. అటకమీది రేడియోను మాత్రము తొందరపడి ప్లగ్గులో పెట్టవలదు. ఎండిన కండెన్సర్లను తెలిసినవారిచే మార్పించి, పిమ్మట వెలిగించిన, ఆ గాజుబుడ్లలో పెక్కు నేటికిని పాడుటకు సిద్ధముగనే యుండును.