బొగ్గుబట్టీ కూడా కెమిస్ట్రీయే

నేను పొదిలి హాస్టల్లో ఉండి డిగ్రీ చదువుతున్నా. మాది యానాది కుటుంబం. మా ఇంట్లో కాలేజీకి వచ్చింది నేనే మొదలు. పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మొన్న క్లాసులో సార్ ఉష్ణ విచ్ఛేదనం గురించి చెప్పారు. గాలి తగలకుండా కట్టెను వేడిచేస్తే నీళ్లు, వాయువులు, తారు పోయి కార్బన్ మిగులుద్ది. అది వింటుంటే నాకు మా తాతే గుర్తొచ్చాడు. తాత చిల్లకంప కొట్టి, ఎండబెట్టి, గుట్టగా పేర్చేవాడు. పైన పచ్చిరొట్ట కప్పి, తడిమట్టి మెత్తి, కింద నిప్పు పెట్టేవాడు. మొదట తెల్లగా వచ్చే పొగ కట్టెలోని నీళ్లది. 300 డిగ్రీల దరిదాపుల్లో కట్టె విచ్ఛిన్నమై, తనే వేడి పుట్టిస్తది. పొగ పలచబడి నీలంగా మారితే బొగ్గు అయిపోయినట్టే, వెంటనే బొక్కలు మూసేయాలి. ఎక్కడైనా పగులు వచ్చి గాలి దూరిందా, అంతా బూడిదే. అందుకే తాత రాత్రంతా మేలుకునేవాడు. నాలుగైదు కిలోల కట్టెకు కిలో బొగ్గు వచ్చేది.

ఈ చిల్లచెట్టు కూడా మన దేశానిది కాదు. వంటచెరుకు కోసమని 1877లో జమైకా నుంచి విత్తనాలు తెప్పించి కడప జిల్లాలో వేశారు. అక్కడి నుంచి మన చేలగట్ల దాకా వచ్చింది.

ఇక కరెంటు సంగతి. బట్టీలో మిగిలే బూడిదతో మా నాయనమ్మ గిన్నెలు తోమేది. కట్టె బూడిదను నీళ్లలో కలిపి, వడగట్టి, కాచితే పొటాష్ వస్తది. దాన్ని అప్పటిదాకా ఎవరూ విడగొట్టలేకపోయారు. 1807లో లండన్‌లో హంఫ్రీ డేవీ కరిగిన పొటాష్‌లోకి కరెంటు పంపితే పొటాషియం లోహం బయటపడింది. తర్వాత ఆయన రెండు బొగ్గు కడ్డీల మధ్య కరెంటు పెట్టి వెలుగు కూడా చూపించాడు. డేవీ తండ్రి చెక్క చెక్కే పనివాడు. చిన్నప్పుడే తండ్రి పోతే, మందుల తయారీ నేర్చుకుంటూ పైకొచ్చాడు. ఆయన పేరు పుస్తకంలో ఉంది, ఉండాల్సిందే. కానీ బొగ్గు కాల్చినవాళ్ల పేర్లు ఏ పుస్తకంలోనూ లేవు.

ఎందుకు లేవంటే, మా చేతిలో పని ఉంది గానీ బట్టీ మాది కాదు. అడ్వాన్సు తీరేదాకా కదలనిచ్చేవాళ్లు కాదు. వెట్టిచాకిరీ రద్దు చట్టం 1976లోనే వచ్చింది. అయినా మా నాయన తీసుకున్న అడ్వాన్సు తీరక, నేను ఏడో తరగతిలో ఒక ఏడాది బడి మానేసి కంప మోశా. తాతకు పొగతో దగ్గు పట్టుకుంది, ఆ దగ్గుతోనే పోయాడు. ఆ చట్టం ఒకటుందని ఆయనకు ఎవరూ చెప్పలేదు.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ, సైన్సు మనకు కొత్త అని భయపడి గ్రూపు మార్చుకోవద్దు. ఇంటికెళ్లినప్పుడు పెద్దోళ్లను కూర్చోబెట్టి, బొగ్గు ఎట్లా కాల్చారు, సున్నం ఎట్లా కాల్చారు, ఎంత అడ్వాన్సుకు ఎన్నేళ్లు చేశారు అని అడిగి రాసుకోండి. ఇక్కడ పెట్టండి. నేను తాతను అడగలేకపోయా. ఇప్పుడు నాయనమ్మను అడుగుతున్నా.